ముందరి మిషను

ప్రొద్దుటూరులో సలాం టైలర్స్ అంగడికి మూడు మిషన్లుండేవి. రెండు లోపల గోడవారగా, ఒకటి వీధి వైపు, ఎత్తరుగు మీద. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. టైలరు అంగడిలో ముందరి మిషనంటే తమాషా కాదు. వీధిన పోయేవాడు ముందు ఆ మిషను మీద ఆడే చేతిని చూస్తాడు, ఆ చెయ్యి నచ్చితేనే తన గుడ్డ లోపలికి తెస్తాడు. అందుకని పనిమంతుడికి తప్ప ఆ చోటు దక్కదు. దక్కినవాడి మెడలో టేపు, చెవి సందున సుద్దముక్క, పేరు వెనక 'మాస్టర్' అన్న మాట వాటంతటవే వచ్చి చేరతాయి.

ఆ మిషను మీద జిలానీ కూర్చునేవాడు.

జిలానీది పులివెందుల దారిలో తొండూరు. ఆ ఊళ్లో అతను ఆడపిల్లగా పుట్టాడు. అట్లా పుట్టడం ఒక్కటే అతని చేతిలో లేకపోయింది, మిగతాదంతా అతనే సరిచేసుకున్నాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది. అది నేను చెప్పను. విడిచేసిన చొక్కా పట్టుకొచ్చి మళ్లీ తొడగాలని చూసేవాళ్లు ఈ కథలో ఎటూ ఉన్నారు, వాళ్లకు తోడు నేనెందుకు?

తను మగవాణ్ణని జిలానీకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఎట్లా తెలుసంటే ఏం చెబుతాం. ఎడమచేతి వాటం వాడికి తనది ఎడమచేతి వాటమని ఎట్లా తెలుస్తుందో అట్లాగే. ఇంట్లో పెళ్లిమాటలు మొదలైన ఏడు తన జుట్టు తనే కత్తిరించుకుని, అన్న లుంగీ, చొక్కా తొడుక్కుని, ముద్దనూరు దాకా నడిచి అక్కడ దొరికిన బండి ఎక్కి ప్రొద్దుటూరులో దిగాడు. దర్గాలో ఫకీర్లు పాడుతుంటే విన్న పేరు చిన్నప్పుడే మనసుకు పట్టింది. దాన్నే పెట్టుకున్నాడు.

దిగినవాడికి నీడ ఇచ్చింది అమీనాబీ. ఆమె కాజాలు కుట్టే మనిషి. టైలర్లు కోత కోసి మిషను కుట్టు వేస్తారు గానీ, గుండీ దూరే కాజాలు, అంచుల చేతికుట్టు వాళ్లు చెయ్యరు. అది ఇండ్లలో ఆడవాళ్లు చేసే పనని మూటగట్టి పంపిస్తారు. భర్త పోయి, బిడ్డలు లేని అమీనాబీ ఆ మూటలతోనే పొద్దుపుచ్చేది. ఆమె దగ్గరే జిలానీ సూది పట్టడం నేర్చాడు. దళసరి గుడ్డతో తన ఛాతీకి తనే ఒక బిగువు బనీను కుట్టుకున్నాడు. అతను మొదట కుట్టిన ఉడుపు అదే. ఇంట్లోకి వచ్చిన రెండో రోజే ఆ బనీను దండెం మీద చూసి అమీనాబీ అన్నీ గ్రహించింది. జిలానీ తల వంచుకుని నిలబడ్డాడు.

"నాకు కండ్లు లేవనుకుంటివా? కడుపుకు తిన్యావా లేదా, అది చెప్పు" అంది ఆమె.

ఆ విషయం మీద ఆమె మాట్లాడింది అంతే. ఎవరన్నా ఈ పిల్లోడు ఎవడని అడిగితే, "కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు గదమ్మా. నాకు ముద్దనూరు కాణ్నించి నడిచే వచ్చినాడు" అనేది. జిలానీ ఆమెను ఖాలా అని పిలిచేవాడు. పిన్ని అన్నమాట. తర్వాత సలాం అంగట్లో చేరి, లోపలి మిషన్ల మీద చెయ్యి తిప్పి, కోత నేర్చి, చివరికి ముందరికి వచ్చాడు. అప్పటికి తొండూరులో అమ్మానాన్నలు పోయారు, అన్న కమలాపురం చేరి అక్కడే ఉండిపోయాడు. ఆ ఊరితో జిలానీకి ఏ ముడీ మిగల్లేదు.

మిగల్లేదనే అనుకున్నాడు. ఒక పొద్దున గురురాజారావు అయ్యవారు కోటుగుడ్డ చంకన పెట్టుకుని అంగడి మెట్లెక్కాడు.

తొండూరు బడిలో ఒక తరం పిల్లలకు ఓనమాలు దిద్దించిన మనిషి ఆయన. మంచివాడే, కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కొలత తీస్తున్న జిలానీ ముఖంలోకి తేరిపార చూసి, కండ్లద్దాలు సర్దుకుని, పట్టరాని సంతోషంతో ఆ పాత పేరు పెట్టి పిలిచాడు.

"నువ్వు ఈడుండావా తల్లీ! మీ అన్న నీకోసం ఎతకని ఊరు లేదు గదమ్మా! ఈ వేషమేందమ్మా?"

లోపల రెండు మిషన్లూ టక్కున ఆగాయి. "ఛాతీ ముప్పై నాలుగు" అన్నాడు జిలానీ టేపు చూసి, రాసుకున్నాడు, ఆయన్ను పంపించాడు. కానీ మాట అప్పటికే వీధిన పడింది.

లోపలి మిషన్ల మీద ఉన్నవాళ్లలో పెద్దవాడు రహీం. జిలానీ కన్నా ముందు చేరినవాడు. ముందరి మిషను తనకు రావలసిందని ఎప్పటి నుంచో కడుపుమంట. ఇప్పుడు ఆ మంటకు ఇంత నూనె దొరికింది. మర్నాటి నుంచి జిలానీని "ఏమే" అని పిలవడం మొదలుపెట్టాడు. టీ వస్తే జిలానీ గ్లాసు వేరుగా పెట్టించాడు. మెడలో టేపు లాగి, "ఇది మొగోళ్ల మెడకు, నీకు పుస్తెలుండాల" అన్నాడు. తన వంతు కాజాల మూట తెచ్చి జిలానీ ఒళ్లో పడేసి, "ఇది ఆడపని, నువ్వే కుట్టు" అన్నాడు. జిలానీ పుట్టుక రహీంకు ఏ రకంగానూ అడ్డం కాదు. కందకు లేని దురద కత్తిపీటకు పుట్టడమంటే ఇదే.

మొదట జిలానీ జవాబు చెప్పాడు. "నేను మొగోన్నే. నిన్నటిదాకా నీకూ మొగోన్నే. రాత్రికి రాత్రి ఏం మారె?" అన్నాడు. రహీం నవ్వాడు. జిలానీకి ఏడుపు వచ్చింది, కానీ ఆ అంగట్లో ఏడవదలచుకోలేదు. మిషను చక్రం మీద చెయ్యేసి తిప్పాడు.

ఇక యజమాని అబ్దుల్ సలాం. ఆయన చెడ్డవాడు కాదు. లాభం కనబడితే మంచీ చెడూ రెండూ కనబడని మనిషి, అంతే. వారం రోజులు ఆలోచించి జిలానీని పక్కకు పిలిచాడు.

"చూడప్పా... చూడమ్మా... ఏమనాల్నో నాకే తెలీదు. అంగట్లో మొగోళ్ల నడుమ నిన్ను కూచోబెడితే నా పేరు పోతాది. పొమ్మందామంటే నీ చెయ్యి అసుమంటి చెయ్యి. అందుకే ఒక ఉపాయం చేసినా. బంగారంగళ్ల బజారు ఆడోళ్లు శానా మంది రైకలు సరిగ్గా కుదరక ఏడుస్తాండారు. ఆది రైక పంపుతారే గానీ, మొగ టైలరు కాడికొచ్చి కొలతలిస్తారా? ఇయ్యరు. లోపల పరదా కట్టిస్తా. నువ్వు సుబ్బరంగా చీర కట్టుకోని ఆ వెనక కూచో. వాళ్లొచ్చి కొలతలిస్తారు. ప్రొద్దుటూర్లో యాడా లేని అంగడైతాది మనది."

"నేను చీర కట్టుకోను సేటూ" అన్నాడు జిలానీ.

"కట్టుకోకుంటే నీ దోవ నువ్వు చూసుకో. బ్యాండోళ్ల కోట్లు ఉండాయి గదా, అవి నువ్వు ఒప్పుకున్న పని. అవి అయిందాకా ముందర కూచో. ఆ మీద ముందరి మిషను రహీముకు, పరదా నీకు."

మాట అన్న రెండో నాడే పరదా వచ్చింది. మిరప్పండు లాంటి ఎర్ర సాటిను, రెండు నిలువులు, ఇత్తడి కమ్మీకి కట్టి లోపలి గది వాకిట్లో వేలాడదీశారు. దాని వెనక ఒక స్టూలు, దాని మీద కాగితంలో చుట్టిన వాయిల్ చీర. జిలానీ ముందరి మిషను మీద కూర్చుంటే ఆ ఎరుపు వీపుకు తగులుతున్నట్టే ఉండేది. ప్రొద్దుటూరు వదిలిపోతే ఇంకో ఊళ్లో ఎవడో ఒకడు పని ఇస్తాడు. కానీ అమీనాబీని వదిలి, పదేళ్లు వీధి చూస్తుండగా సంపాదించిన ఆ చోటు వదిలి, మళ్లీ ఒక బండి ఎక్కి ఎక్కడో కొత్తగా అబద్ధం లాగా మొదలుపెట్టడం తలుచుకుంటే గుండె జారేది. తను అబద్ధం కాదు. అదే అతని బాధ.

బ్యాండు కోట్ల సంగతి చెప్పాలి. జమ్మలమడుగులో కమాల్ బాషా అని క్లారినెట్ వాయించేవాడు ఉండేవాడు. పన్నెండు మందితో బ్యాండుమేళం పెట్టాడు. పులివెందులలో ఒక పెద్ద రైతింటి పెళ్లికి బయానా పుచ్చుకుని, దానికోసం అందరికీ నీలం కోట్లు కుట్టించాలనుకున్నాడు. జిలానీ చెయ్యి చూసి ఇచ్చిన పని అది. పుకారు జమ్మలమడుగుకూ చేరింది. సరిచూసుకోవడానికి వచ్చిన రోజు రహీం ఆయన చెవిలో ఏదో ఊదబోతే, కమాల్ బాషా ముఖం చిట్లించాడు.

"నా బ్యాండులోకి ఒకడొస్తే వాని ఊపిరి చూస్తానప్పా, ఊదేవాడా కాదా అని. కోటు కుట్టేవాని చెయ్యి చూస్తా. ఇంగ మిగతావి చూసేదానికి నాకు తీరిక యాడుండాది?" అని జిలానీ ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

ఆ మాటకు జిలానీకి లోపల ఎంత చల్లబడిందో చెప్పలేను. కోట్లు బాగా కుట్టాడు. మిషను పని ముగించి, కాజాలకు గుర్తులు గీసిన ఒక కోటు పైన పెట్టి, మధ్యాహ్నం భోజనానికి పోయాడు. ఆ సందులోనే కొంప మునిగింది.

మగవాళ్ల కోటుకు కాజాలు ఎడమవైపు, గుండీలు కుడివైపు ఉంటాయి. ఆడవాళ్ల ఉడుపులకు అది తారుమారు. కుట్టేవాళ్లకు తప్ప ఈ సంగతి మామూలుగా ఎవరికీ పట్టదు, కానీ ఒకసారి తెలిస్తే ఊరంతా ఆ గుండీల వైపే చూస్తుంది. రహీం సుద్దముక్క తీసుకుని, జిలానీ పైన పెట్టిపోయిన కోటు మీది గుర్తులు దులిపేసి, కుడివైపు గీశాడు. ఆడ మాస్టరు కుట్టిన కోటుకు ఆడపక్క గుండీలని, జిలానీ వచ్చి చూసేసరికి అందరూ నవ్వాలని అతని సరదా. అయితే జిలానీ రాకముందే సలాం కోట్లన్నీ మూటగట్టి అమీనాబీ ఇంటికి పంపేశాడు. తను గీసిన గుర్తులే కదా అని జిలానీ మళ్లీ విప్పి చూడలేదు.

కాజాలు కుట్టేవాళ్ల పద్ధతి ఒకటుంది. ఒకే రకం ఉడుపులు మూటగా వస్తే, పైన ఉన్నదాని గుర్తులు చూసి మిగతావన్నీ అట్లాగే కుట్టేస్తారు. ఒక్కోదాన్నీ ఎవరూ విప్పి అడగరు. జిలానీ గుర్తంటే అమీనాబీకి రాతిమీద గీత. పన్నెండు కోట్లకూ కుడివైపు కాజాలు కత్తిరించి, చుట్టూ దారం పోసి, ముత్యాల్లాగా కుట్టుకుని గురువారం సాయంత్రం తనే మోసుకొచ్చింది. పెళ్లి ఆదివారం. మేళగాళ్లు శనివారం వచ్చి తొడుక్కుని చూసుకోవాలి.

జిలానీ మూట విప్పాడు. ఒక కోటు, రెండో కోటు, మూడో కోటు చూసి నేలమీద కూలబడ్డాడు. తప్పుగా వేసిన కుట్టయితే విప్పుకోవచ్చు. కాజా అంటే కత్తిరించిన గుడ్డ. కత్తిరించింది మళ్లీ అతకదు.

"పైనున్నదాని మీద గుర్తు అట్లనే ఉన్నె గదరా! నీ చేతి గుర్తని నేను మారు చూడలేదు" అని అమీనాబీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

జిలానీ లోపలికి చూశాడు. రహీం ముఖం సున్నం కొట్టిన గోడలాగా ఉంది.

"నేను ఒక్కదానికే గీసినా. నువ్వొచ్చి చూస్తావనుకుంటి. నవ్వుకుందామని..." అన్నాడు రహీం. ఈసారి 'ఏమే' అనలేదు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. సలాం నమాజుకు పోయి ఉన్నాడు. ఆయన వచ్చేలోపు జిలానీ చెయ్యవలసిందల్లా ఒక్కమాట చెప్పడం. రహీం వీధిన పడతాడు. నలుగురు పిల్లలవాడు. కానీ జిలానీకి అప్పుడు రహీం మీద కోపం కన్నా కోట్ల మీద దిగులు ఎక్కువగా ఉంది. రహీం పోతే కోట్లు బాగవుతాయా? బాగవ్వవు. ఆ కోట్లు తొడుక్కుని పన్నెండు మంది పులివెందుల వీధుల్లో నవ్వులపాలైతే, తన చేతి పని కూడా ఆడవేషమైపోతుంది. అది మాత్రం జిలానీ తట్టుకోలేడు.

తల ఎత్తాడు. ఎదురుగా ఎర్ర పరదా ఉంది.

దసరాకు మైసూరు పోయి వచ్చిన కమాల్ బాషా అక్కడి రాజుగారి బ్యాండు ఉడుపుల గురించి చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. కోటు ముందర ఛాతీకి వేరే రంగు పలక, అటూ ఇటూ వరసగా ఇత్తడి గుండీలు. పలకను రెండు పక్కలా గుండీలతో బిగిస్తే లోపలి కాజాలు ఏ పక్కన ఉంటే ఎవడికి కావాలి? అవి కనబడవు. కోటు మూసుకోవడానికి లోపల కొక్కేలు చాలు.

"రేప్పొద్దున రా" అన్నాడు రహీంతో. "వేలికి తొడుక్కునే అంగుస్తాను తెచ్చుకో."

శుక్రవారం అంగడికి సెలవు. మాస్టరు కాబట్టి ఒక తాళంచెవి జిలానీ దగ్గర ఉండేది. పొద్దున్నే తలుపులు బార్లా తీసి, కమ్మీ మీది పరదా దించి, బల్లమీద పరిచి కత్తెర అందుకున్నాడు.

"సలాం తంతాడురా!" అంది అమీనాబీ.

"తంతే పడతా ఖాలా. దాని వెనక మాత్రం కూచోను."

కత్తెర కరకరా పోయింది. ఆ శబ్దం వింటుంటే ఎన్నాళ్లుగానో ఛాతీ మీదున్న రాయి ఎవరో దించినంత హాయిగా అనిపించింది అతనికి. పన్నెండు పలకలు తేలాయి. ఇత్తడి గుండీలు, కొక్కేలు అంగడి డబ్బాల్లో ఉన్నవే సరిపోయాయి. జిలానీ మిషను కుట్టు వేశాడు. కాజాలు మాత్రం చేత్తోనే కుట్టాలి, పలకకు రెండు పక్కలా, పన్నెండు పలకలకు. ఒక్క అమీనాబీ వల్ల అయ్యే పని కాదు.

"కూచో. కాజాలు కుట్టు" అన్నాడు రహీంతో.

రహీం ఏదో అనబోయి, అమీనాబీ చూపు చూసి, చాపమీద కూర్చున్నాడు. కుట్టి చాలా కాలమైంది, సూది పోట్లకు వేళ్లు జల్లెడయ్యాయి. వంకరటింకర కుట్టిన కాజానల్లా అమీనాబీ విప్పించి మళ్లీ కుట్టించింది. "ఆడపని గదా నాయనా, తేలిగ్గా ఉంటాదనుకుంటివా?" అని ఒక్క మాట మాత్రం అంది. మధ్యాహ్నం జుమ్మా నమాజుకు లేచిపోయి, పారిపోతాడనుకుంటే మళ్లీ వచ్చాడు. అమీనాబీ చేసిన బొరుగుల ఉగ్గాణి ముగ్గురూ ఒకే పళ్లెంలో తిన్నారు. టీ వచ్చినప్పుడు రహీం గ్లాసులు వేరుచేయడం మరిచిపోయాడు. మరిచిపోయాడో, బుద్ధిపూర్వకంగా మానుకున్నాడో అడిగే ఓపిక ఎవరికీ లేదు. పొద్దు వాలేలోపు పని ముగిసింది.

శనివారం సలాం వచ్చేసరికి అంగడి ముందు జనం మూగి ఉన్నారు. కమాల్ బాషా నిలువుటద్దం ముందు నిలబడి, పక్కకు తిరిగి చూసుకుంటున్నాడు, ముందుకు తిరిగి చూసుకుంటున్నాడు. నీలం కోటు మీద ఎర్ర ఛాతీ, రెండు వరసల గుండీలు.

"ఏందప్పా ఇది మాస్టర్! నేను చెప్పింది ఒకటి, నువ్వు కుట్టింది ఇంగొకటి! మైసూర్లో గూడా ఇంత అందం లేదు గదప్పా!"

సలాం కోట్ల వైపు చూశాడు, ఖాళీ కమ్మీ వైపు చూశాడు. జనం ముందు అరవలేక గొంతు తగ్గించాడు.

"పరదా యాడరా?"

"మీ కండ్ల ముందరే ఉండాది సేటూ. పన్నెండు మంది ఛాతీల మీద" అన్నాడు జిలానీ. "కాజాలు తప్పు పడినాయి. కప్పేదానికి అదే దొరికె."

తప్పు ఎట్లా పడిందో అతను చెప్పలేదు. రహీం లోపల మిషను మీద తలవంచుకుని, దారం లేకుండానే కుడుతున్నాడు.

"పెండ్లి కానీ, ఒక్క మాట వచ్చిందంటే చూడు. సోమవారం నీ సంగతి తేలుస్తా" అన్నాడు సలాం.

ఆ పలకలు ఎవరికి వాళ్లు బిగించుకోవడం కష్టం, ఇంకొకరు బిగించాలి. అందుకని కమాల్ బాషా జిలానీని పెళ్లికి వెంట రమ్మన్నాడు. పెళ్లివారు పంపిన బస్సులో జమ్మలమడుగు నుంచి పెన్న దాటి, ముద్దనూరు మీదుగా పోతుంటే జిలానీ వరసగా అందరికీ గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. దారిలో ఏ ఊరు వస్తుందో అతనికి తెలుసు. అది దాటిపోతే చాలనుకున్నాడు. మనం ఏది దాటిపోవాలనుకుంటామో బస్సుకు అక్కడే దప్పిక పుడుతుంది. తొండూరులో డ్రైవరు బండి ఆపి నీళ్ల కోసం దిగాడు.

మేళగాళ్లు దిగారు. ఆ ఉడుపులు చూసి ఊరు ఊరంతా బస్సు చుట్టూ చేరింది. ఒక్క పాట వాయించమన్నారు, వాయించారు. జిలానీ లోపల సీటులో తలకు తువ్వాలు చుట్టుకుని, ముఖం కిటికీకి అవతలి వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"ఈ కోట్లు యాడ కుట్టించినారప్పా?" ఎవరో పెద్దమనిషి అడిగాడు.

"యాడనో ఎందుకు, కుట్టినాయన బస్సులోనే ఉండాడు. మాస్టర్! దిగప్పా, నీ కోసమే అడుగుతాండారు!"

కమాల్ బాషా గొంతు క్లారినెట్ కన్నా పెద్దది. తప్పించుకునే దారి లేదు. జిలానీ తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకుని దిగాడు. చూస్తే గుంపులో ముందే నిలబడి ఉన్నాడు గురురాజారావు అయ్యవారు. జిలానీకి ఆ పాత పేరు మళ్లీ చెవిలో పడినట్టే అయింది. పన్నెండు మంది చూస్తున్నారు, ఊరు చూస్తోంది.

"ఈ పిల్లోడు యారి కొడుకు? ఎప్పుడో చూసినట్లుండాది" అన్నాడు పెద్దమనిషి.

అయ్యవారు కండ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. కోట్ల వైపు చూశాడు. జిలానీ ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో భయం చూశాడో, ప్రొద్దుటూరులో తను వదిలి వచ్చిన నిశ్శబ్దమే ఇన్నాళ్లకు చెవిన పడిందో, జన్మలో మొదటిసారి మాట్లాడేముందు ఒక క్షణం ఆగాడు.

"మన ఊరోడే!" అన్నాడు. "నా కాడనే ఓనమాలు దిద్దినాడు. బెత్తం దెబ్బలు గూడా తిన్యాడు. పేరు..." అని ఆగి, జిలానీ దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "పేరేందో నువ్వే చెప్పు నాయనా" అన్నాడు.

"జిలానీ" అన్నాడు జిలానీ.

"జిలానీ! విన్యారు గదా, జిలానీ మాస్టర్! మన తొండూరోడు!"

గుంపులో కొందరికి తెలియక కాదు. ఒకరిద్దరు ముసలమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు కూడా. కానీ అంత మంచి కోట్లు కుట్టినవాణ్ణి తమ ఊరివాడు కాదని చెప్పుకునే ఊరు ఎక్కడన్నా ఉందా? ఒక ముసలమ్మ ముందుకు వచ్చి ఎర్రపలక పట్టుకుని చూసి, "మా మనవని పెండ్లికి గూడా ఇట్లనే కుట్టల్ల నాయనా" అంది. జిలానీకి కండ్లనిండా నీళ్లు వచ్చాయి. ఈసారి ఆపుకోలేదు. పులివెందుల దాకా మేళగాళ్లు పాడుతూనే ఉన్నారు, అతను తువ్వాలుతో కండ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు.

పెళ్లిలో వధూవరుల కన్నా బ్యాండునే ఎక్కువమంది చూశారని జమ్మలమడుగు వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మేళగాళ్ల మాట కాబట్టి సగం తీసేసి నమ్మాలి.

సోమవారం పొద్దున జిలానీ అంగడి మెట్లు ఎక్కాడు. ముందరి మిషను మీద రహీం కూర్చుని ఉంటాడని మనసు గట్టి చేసుకునే వచ్చాడు. మిషను ఖాళీగా ఉంది. రహీం లోపల తన చోటనే కూర్చుని, వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని కుడుతున్నాడు. సలాం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"చూస్తావేందప్పా, కూచో" అన్నాడు రహీం, తల ఎత్తకుండానే. "ఆడ నాకు ఎండ పడతాది. నాకొద్దు."

జిలానీ కూర్చున్నాడు. మెడలో టేపు వేసుకున్నాడు. సలాం ఏదో అందామని గొంతు సవరించుకునేలోగా ముద్దనూరు బ్యాండువాళ్లు, వాళ్ల వెనకే పులివెందుల నుంచి ఇంకొకరు వచ్చి ఎర్రఛాతీ కోట్లు కావాలన్నారు. లాభం కనబడింది కదా, సలాం గొంతు సవరించుకోవడం మానేశాడు. పరదా మళ్లీ కట్టించే మాట ఎత్తలేదు. ఆ ఇత్తడి కమ్మీ మీద ఇప్పుడు కుట్టిన కోట్లు వేలాడుతున్నాయి. వాయిల్ చీర మాత్రం సలాం ఇంటికి తీసుకుపోయాడు. ఇంత మంచి చీర ఎవరికోసం కొన్నావని భార్య ఖమ్రున్నీసా మూడు రోజులు నిలదీసింది, నిజం చెప్పినా ఆమె నమ్మలేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, తొండూరు ముసలమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. చూపు సరిగ్గా ఆనక, అంగట్లోకి పోవాలంటే బెరుకై వీధిలోనే నిలబడి, అరుగు చివర ఉన్న సలాంను అడిగింది.

"మా ఊరి పిల్లోడు ఒకడు ఈడ పని చేస్తాండాడంట. లోపలుండాడా నాయనా?"

"ఎవరు, మా జిలానీ మాస్టరా?" అన్నాడు సలాం. "ఆయన లోపలెందుకుంటాడవ్వా? ఇంత ముందరుంటే కనపళ్లేదా? మిషను మీద ఉండాడు చూడు."